రాయలసీమ నీళ్లలో బుల్లి సిక్లిడ్లు: ట్యాంకు పెట్టడం నుంచి పిల్లలు తీసేదాకా

కడప షాపులో నీలంగా మెరిసే రామ్ చేపల జతను చూసి మనసు పారేసుకుని కొనుక్కొచ్చినవాళ్లలో చాలామందికి నెల తిరక్కుండానే ఖాళీ ట్యాంకు మిగులుతుంది. షాపువాణ్ణి తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు కారణం ఇంటి బోరులోనే ఉంటుంది. ఈ ప్రాంతంలో బుల్లి సిక్లిడ్లు పెంచాలనుకుంటే ముందు ఇంట్లో నీళ్లు కొలవాలి, వాటికి తగ్గ చేప ఏదో తేల్చుకోవాలి, ఆ తర్వాతే షాపు గడప తొక్కాలి. ఈ వరస తప్పకపోతే మిగతా పని పెద్ద కష్టం కాదు. పిల్లలు తీయడం కూడా అంతే.

సిక్లిడ్ల కుటుంబంలో సుమారు 10 సెంటీమీటర్లకు మించి పెరగని రకాలను బుల్లి సిక్లిడ్లు అంటారు. ఆస్కార్, ఏంజెల్, మన చెరువుల్లో పడే జిలేబీ చేప, ఇవన్నీ వీటికి పెద్ద చుట్టాలే. గప్పీలు, టెట్రాలు పిల్లల్ని కని లేదా గుడ్లు పెట్టి వాటి దారిన అవి పోతాయి. ఇవి అలా కాదు. గుడ్లకు కాపలా కాస్తాయి, పిల్లల్ని వెంటేసుకుని తిప్పుతాయి, జోలికి వచ్చినవాటి మీద పడతాయి. రెండడుగుల ట్యాంకులో ఇదంతా కళ్లారా చూడొచ్చు.

మొదటి పని: నీళ్లు కొలవండి

ఒక టీడీఎస్ మీటరు, నీళ్లు ఆమ్లమా క్షారమా తేల్చే పీహెచ్ కిట్ ఒకటి కొనండి. రెండూ కలిపి కొద్ది వందల్లో అయిపోతాయి, చనిపోయే చేపల ఖర్చుతో పోలిస్తే ఏమీ కాదు. ఇంటికి వచ్చే ప్రతి నీటినీ విడిగా కొలిచి రాసుకోండి: బోరు, మున్సిపాలిటీ కొళాయి, ట్యాంకరు, ఆర్‌ఓ క్యాను. కర్నూలులో తుంగభద్ర నీళ్లు వచ్చే కొళాయికీ, అదే వీధిలోని బోరుకీ చాలా తేడా ఉంటుంది. అనంతపురం, కడప బోర్లలో టీడీఎస్ వెయ్యి దాటినా వింతేమీ లేదు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు, కఠినత్వం అందులో ఒక భాగం మాత్రమే. అయినా గిన్నె అడుగున తెల్లటి గార కట్టే మన నీళ్ల విషయంలో ఈ ఒక్క అంకెతోనే చాలావరకు దారి తెలుస్తుంది.

ఇక చేప సంగతి. మీ నీళ్లు బాగా కఠినంగా ఉండి, పీహెచ్ 8 దగ్గర ఉండి, వాటితో కుస్తీ పట్టే ఓపిక మీకు లేకపోతే ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు చేపలు తెచ్చుకోండి. ముఖ్యంగా గుల్లల్లో కాపురం ఉండే మల్టీఫాసియాటస్. ఆ సరస్సు నీళ్లే కఠినం, క్షారం. అక్కడి చేపకు మన బోరు పుట్టిల్లే. నీళ్లు మధ్యస్థంగా ఉంటే క్రిబెన్సిస్. నైజీరియా వైపు నదుల చేప ఇది, మొండిది, కొత్తవాళ్లకు నేను ముందు చెప్పేది దీని పేరే. కాకటూ అని అమ్మే అపిస్టోగ్రామా కాకటువాయిడిస్ అమెజాన్ చేప. దాని చుట్టాలతో పోలిస్తే కొంత కఠినమైన నీళ్లనూ ఓర్చుకుంటుంది. అగాసిజీ (ఇదీ అపిస్టోగ్రామానే, ఈ చుట్టాలన్నిటినీ కలిపి అపిస్టోలు అంటారు), రామ్ చేపలు మెత్తటి, కొంచెం ఆమ్లపు నీళ్లవి. రామ్ పుట్టిల్లు వెనిజులా, కొలంబియాల్లో పారే ఒరినోకో నదీ ప్రాంతం. అలాంటిదాన్ని వెయ్యి టీడీఎస్‌లో పడేస్తే కొన్నాళ్లు బతకొచ్చు, గుడ్లు కూడా పెట్టొచ్చు, కానీ ఆ గుడ్లు తెల్లబడి బూజు పడతాయి.

వీటికి ఆర్‌ఓ నీళ్లు కలపక తప్పదు. లెక్క సులువే. మీ బోరు 800, ఆర్‌ఓ క్యాను 50 ఉందనుకుందాం. 16 లీటర్ల ఆర్‌ఓకి 4 లీటర్ల బోరు కలిపితే 20 లీటర్ల నీళ్లు 200 దగ్గర వస్తాయి. కాకటూకి అది చాలు. రామ్ గుడ్లు పొదగాలంటే 100, 150 మధ్యకు దించండి. ఒట్టి ఆర్‌ఓ నీళ్లు మాత్రం పోయకండి. వాటిలో పీహెచ్‌ను నిలబెట్టే లవణాలు ఉండవు, రాత్రికి రాత్రే పీహెచ్ పడిపోవచ్చు.

రెండు హెచ్చరికలు. ఇంట్లో ఉప్పు పోసే వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే దాని నీళ్లు ఈ పనికి వాడొద్దు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది. గార పోతుంది, లవణాలు మాత్రం అలాగే ఉంటాయి. రెండోది, పీహెచ్ తగ్గించే చుక్కల సీసా. మన బోరు నీళ్లలో బైకార్బొనేట్లు దండిగా ఉంటాయి కాబట్టి పొద్దున పీహెచ్ దిగుతుంది, సాయంత్రానికి మళ్లీ ఎక్కుతుంది. చేపకు ఎక్కువ పీహెచ్ కన్నా ఈ ఊగిసలాటే ఎక్కువ ప్రమాదం. ఆర్‌ఓ కలిపి, బాదం ఆకు వేసి వదిలేయండి.

బాదం ఆకు అంటే మన బళ్ల ఆవరణల్లో, వీధి చివర్లలో గొడుగులా పెరిగే నాటు బాదం చెట్టు ఆకు. ఆన్‌లైన్‌లో దీన్ని ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు, డబ్బు దండగ. ఎర్రబడి దానంతట అదే రాలిన ఆకుల్ని ఏరుకుని, మందు కొట్టని చెట్టేనని తెలుసుకుని, కడిగి ఎండబెట్టండి. 50 లీటర్లకు రెండు మూడు ఆకులు చాలు. నీళ్లు లేత టీ రంగుకు తిరుగుతాయి, బూజు కొంత అదుపులో ఉంటుంది, కుళ్లే ఆకు మీద పెరిగే సూక్ష్మజీవుల్ని పిల్లలు గీక్కుని తింటాయి.

ట్యాంకు

24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. ఒక జతకు ఇది సరిపోతుంది. అంచుదాకా నింపితే సుమారు 56 లీటర్లు, ఇసుకా రాళ్లూ పోను 45 నుంచి 50. ఎత్తు ట్యాంకులు చూపుకు బాగుంటాయి గానీ ఈ చేపలకు కావాల్సింది నేల. వీటి బతుకంతా అడుగునే.

ఇసుక సన్నగా ఉండాలి. ఇవి నోటినిండా ఇసుక తీసుకుని, తిండి ఏరుకుని, మిగతాది మొప్పల్లోంచి జారవిడుస్తాయి. గరుకు గ్రావెల్ వేస్తే ఈ పని చేయలేవు. పెన్నా ఇసుక అయినా, తుంగభద్ర ఇసుక అయినా దోమల మెష్‌లో జల్లించి, బక్కెట్లో నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, రెండు మూడు సెంటీమీటర్ల మందాన వేయండి. వేసే ముందు ఒక గుప్పెడు ఇసుక మీద వెనిగర్ పోయండి. బుస్సుమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే.

ఇదే పరీక్ష రాళ్లకూ చేయాలి, మన దగ్గర మరీ ముఖ్యంగా. ఇంటి వెనక పడి ఉన్న నల్ల కడప బండ ముక్క ట్యాంకులో పెడితే చాలా అందంగా ఉంటుంది. కానీ అది సున్నపురాయి, బేతంచెర్ల నాపరాయి కూడా అంతే. ఆర్‌ఓకి డబ్బు పోసి మెత్తబరిచిన నీళ్లను ఆ రాయి మెల్లగా మళ్లీ కఠినం చేస్తుంది. రామ్, అపిస్టోల ట్యాంకులో అది వద్దు. టాంగన్యీకా చేపలకైతే ఎన్ని ముక్కలైనా పేర్చుకోండి, వాటికి మంచిదే.

గుడ్లకు గూళ్లు కావాలి. కుమ్మరి దగ్గర దొరికే చిన్న ముంతను బోర్లించి, మూతి అంచున చేప పట్టేంత గండి కొడితే అంతకన్నా మంచి గూడు దొరకదు. రంగు వేయనిది, వాడనిది తీసుకోండి. సగానికి కోసిన కొబ్బరి చిప్ప కూడా పనికొస్తుంది, ముందు ఉడికించి నానబెట్టండి. ఒక ఆడచేపకు కనీసం రెండు గూళ్లు ఉంచితే ఏదో ఒకటి దానికి నచ్చుతుంది. గండి ఆడచేప దూరేంత, మగచేప ఇబ్బంది పడేంత ఉండాలి. జావా ఫెర్న్, అనుబియాస్ లాంటి మొక్కలు కొయ్యకు కట్టి అడ్డుగా పెట్టండి. ఒకదానికొకటి కనబడకుండా ఉంటే సగం తగాదాలు తగ్గుతాయి.

ఫిల్టరుగా ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు చాలు. పిల్లల్ని లోపలికి లాగదు, కరెంటు ఖర్చు తక్కువ. పంపును నీటిమట్టం కన్నా పైన పెట్టండి, లేదా గొట్టానికి నాన్-రిటర్న్ వాల్వు వేయండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి వచ్చి పంపు పాడవకుండా ఉంటుంది. కోతలున్న ఊళ్లలో పవర్ బ్యాంకుతో నడిచే యూఎస్‌బీ ఎయిర్ పంపు ఒకటి పక్కన పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

నీళ్లు పోసిన మర్నాడే చేపలు వేయకూడదు. చేపల మలం, మిగిలిన తిండి అమ్మోనియా అవుతాయి. స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రోజూ చిటికెడు తిండి వేస్తూ ఖాళీ ట్యాంకు నడపండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాకే చేపలు. తెలిసినవాళ్ల ట్యాంకులో నడుస్తున్న స్పాంజి ఒకటి అడిగి తెచ్చుకుంటే ఈ కాలం బాగా తగ్గుతుంది. ఆ ట్యాంకులో రోగం లేదని మాత్రం చూసుకోండి. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటే ఈ బ్యాక్టీరియా చస్తుంది, చేప మొప్పలూ దెబ్బతింటాయి. యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా బక్కెట్లో గాలి గొట్టం పెట్టి ఒక రోజు ఉంచి వాడండి.

ఎండాకాలం

బయటి ఊళ్లవాళ్లు రాసిన సలహాలు హీటరు గురించి చెబుతాయి. మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కర్లేని వస్తువు అది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో, ముఖ్యంగా కాస్త ఎత్తున ఉన్న అనంతపురంలో, 50 వాట్ల హీటరు ఒకటి 25 దగ్గర పెట్టి ఉంచితే చాలు. మనకు కష్టం ఏప్రిల్, మే నెలల్లో. బయట 42, 43 డిగ్రీలుంటే గదిలో నీళ్లు 33 దాకా వెళ్తాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, చేపకేమో ఎక్కువ కావాలి.

ట్యాంకును పడమటి గోడకు ఆనించకండి. మిద్దె మీద గది కన్నా కింది గది మేలు. మూత తీసి మెష్ వేసి, చిన్న టేబుల్ ఫ్యానును నీటి మీదికి తిప్పండి. ఆవిరయ్యే నీరు వేడిని లాక్కుపోతుంది. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రెండు మూడు డిగ్రీలు ఇట్టే దిగుతుంది. ఉక్కపోసే కోస్తా ఊళ్లలో ఈ ఉపాయం ఇంత బాగా పనిచేయదు. అయితే ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు ట్యాంకులోనే మిగులుతాయి. కాబట్టి తగ్గిన నీళ్లను ఆర్‌ఓతోనే నింపాలి. బోరు నీళ్లతో నింపుతూ పోతే మే నెలాఖరుకు టీడీఎస్ ఎక్కడికి పోయిందో మీటరు పెట్టి చూస్తే తెలుస్తుంది.

మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం కాలిపోతుంటాయి. నీళ్లు మార్చే పని తెల్లవారుజామున పెట్టుకోండి, లేదా నీడలో ఒక డ్రమ్ముకు ముందురోజే పట్టి ఉంచండి. ఐస్ ముక్కలు నేరుగా వేయొద్దు. మరీ తప్పకపోతే నీళ్లు గడ్డకట్టిన సీసా ఒకటి తేలనివ్వండి, గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించి దిగకుండా.

రామ్‌కి 27 నుంచి 30 డిగ్రీలు ఇష్టం. ఈ ఒక్క విషయంలో అది మన ఊరి చేపే. అపిస్టోలకు 24 నుంచి 27 చాలు. వాటిలో గుడ్లు, పిల్లల దశలో ఉన్న వేడిని బట్టి మగా ఆడా నిష్పత్తి మారుతుంది. వేడి ఎక్కువైతే మగవి ఎక్కువ. ఏప్రిల్‌లో తీసిన కాకటూ పిల్లలు దాదాపు అన్నీ మగవే అయితే ఆశ్చర్యపోనక్కర్లేదు. కాకటూలను వానలు మొదలయ్యాక జత కట్టించడం నయం. క్రిబెన్సిస్‌లో ఈ తేడా పీహెచ్ వల్ల వస్తుంది. ఆమ్లపు నీళ్లలో మగవి, క్షారపు నీళ్లలో ఆడవి ఎక్కువ పుడతాయి. నేరుగా బోరు నీళ్లలో పిల్లలు తీసి, మగవి ఏవీ లేవేమని వెతుక్కునేవాళ్లకు జవాబు ఇదే. 7 దగ్గర పెట్టుకుంటే రెండూ వస్తాయి.

చేపల ఎంపిక

ఇక్కడి షాపులకు సరుకు ఎక్కువగా చెన్నై కొలత్తూరు నుంచో, బెంగళూరు నుంచో వస్తుంది. వచ్చిన రోజే కొనకండి, వారం ఆగి వెళ్లండి. ప్రయాణపు దెబ్బకు పోయేవి ఆ లోపే పోతాయి. “జోడీ ఇస్తాండా అన్నా, తీసుకో” అని షాపువాడు రెండు చేపలు పట్టి ఇస్తాడు. ఆ రెండూ ఒక మగ, ఒక ఆడ అయితే అయి ఉండొచ్చు గానీ వాటి మధ్య జత కుదిరిందని కాదు. క్రిబెన్సిస్, రామ్‌లైతే ఐదారు చిన్నవి కొని కలిపి పెంచండి. వాటిలో ఒక జత తనంతట తను విడిపడి ఒక మూలను సొంతం చేసుకుంటుంది, మిగతావి అప్పుడు తీసేయండి. అపిస్టోల్లో ఒక మగకు రెండు ఆడవి పెట్టాలంటే మూడడుగుల ట్యాంకు కావాలి.

పొట్ట లోపలికి పోయినవి, తెల్లటి దారంలా మలం వేలాడేవి, మూలన నల్లబడి నిలబడ్డవి వద్దు. మలద్వారం దగ్గర సన్నటి ఎర్ర దారాలు బయటికి కనబడితే అది కమల్లానస్ అనే పురుగు, ఆ ట్యాంకులో ఇంకే చేపా కొనకండి. వేలెడు లేని పిల్ల రామ్ మరీ రంగుగా ఉంటే హార్మోన్ పెట్టారేమోనని అనుమానించాల్సిందే. అలాంటివి పిల్లలు తీయడానికి పనికిరాకపోవచ్చు. అన్నట్టు తిండి వేయమని అడిగి, చేప తింటుందో లేదో చూశాకే డబ్బులివ్వండి.

ఇంటికి తెచ్చాక కవరు నీళ్ల టీడీఎస్ కొలవండి. మీ ట్యాంకుకూ దానికీ తేడా ఎక్కువుంటే చేపల్ని బక్కెట్లో వేసి, ఎయిర్ గొట్టానికి ముడి వేసి, ట్యాంకు నీళ్లు చుక్కలు చుక్కలుగా గంటసేపు పడనివ్వండి.

గుడ్లు, పిల్లలు: క్రిబెన్సిస్‌తో మొదలు

రోజూ రకం మార్చి తిండి పెట్టండి. గడ్డకట్టిన బ్లడ్‌వార్మ్, ఆర్టీమియా (ఉప్పునీళ్లలో పెరిగే బుల్లి రొయ్యల్లాంటి జీవులు), నాణ్యమైన చిన్న గుళికలు. మురికి కాలవల్లో పట్టి అమ్మే ట్యూబిఫెక్స్ పురుగులు రోగాల మూట, వాటి జోలికి పోవద్దు. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చండి. రెండు మూడు వారాల్లో ఆడచేప పొట్ట చెర్రీ పండు రంగుకు తిరుగుతుంది. ఇక్కడ పెళ్లిచూపులు ఆడచేపే నడిపిస్తుంది. మగదాని ఎదుటికి వచ్చి, ఒంటిని విల్లులా వంచి, పొట్ట చూపిస్తూ సన్నగా వణుకుతుంది. ఆ తర్వాత రెండూ ముంతలోంచి నోటితో ఇసుక తెచ్చి బయట ఉమ్ముతుంటాయి. గండి ముందు చిన్న ఇసుక కుప్ప లేచిందంటే పని మొదలైనట్టే.

ఒకరోజు ఆడచేప కనబడదు. చచ్చిపోయిందేమోనని ముంత ఎత్తి చూడకండి. అది లోపలి కప్పుకు గుడ్లు అంటించి, కిందినుంచి రెక్కలతో గాలి విసురుతూ ఉంటుంది. మగచేప బయట కాపలా. గుడ్లు సుమారు మూడు రోజుల్లో పగులుతాయి, కానీ పిల్లలు ఇంకా ఈదలేవు. మరో నాలుగైదు రోజులు పొట్టకింది సొన తింటూ కుప్పగా పడి ఉంటాయి. తర్వాత ఒక పొద్దున తల్లి వెనకాల ఇసుక మీద బూడిదరంగు మబ్బు ఒకటి కదులుతుంది. కోడి తన పిల్లల్ని తిప్పినట్టే తిప్పుతుంది. తోకో రెక్కో విదిలిస్తే మబ్బంతా చటుక్కున ఇసుకకు అతుక్కుపోతుంది. దారి తప్పిన పిల్లను నోట్లోకి లాక్కుని తెచ్చి గుంపులో ఉమ్ముతుంది. మొదటిసారి చూసినవాళ్లు తినేస్తోందని హడలిపోతారు.

ఒక్కోసారి నిజంగానే తినేస్తాయి. కొత్త జతలు తొలి కాన్పు గుడ్లో పిల్లలో తినేయడం మామూలే, మరో అవకాశం ఇవ్వండి. రాత్రి లైటు టక్కున ఆర్పితే పిల్లలు చెదిరి చీకట్లో పోతాయి. గదిలో ఒక జీరో బల్బు ఉంచితే తల్లి వాటిని తీరిగ్గా గూట్లో చేర్చుకుంటుంది.

పిల్లలు ఈదడం మొదలుపెట్టిన రోజు నుంచే ప్రాణమున్న తిండి కావాలి. గుడ్డు సొన, పాలపొడి లాంటివి నీళ్లను పాడుచేస్తాయి. అప్పుడే పగిలిన ఆర్టీమియాకు సాటి లేదు. లీటరు సీసా ఒకటి తీసుకుని, నీళ్లలో 25 నుంచి 30 గ్రాముల రాళ్ల ఉప్పు కలిపి, పావు చెంచా ఆర్టీమియా గుడ్లు వేసి, గాలి గొట్టం అడుగుదాకా దించి, లైటు కింద పెట్టండి. మన వేడికి రోజు తిరక్కుండానే నారింజరంగు చుక్కలు ఈదుతుంటాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే గుల్లలు పైకి తేలతాయి, జీవమున్నవి అడుగున చేరతాయి. సన్న గొట్టంతో అడుగువి లాగి, పల్చటి గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి, డ్రాపరుతో పిల్లల గుంపు మీదే వదలండి. రోజుకు రెండు మూడు సార్లు. పిల్లల పొట్టలు నారింజరంగుకు తిరిగితే తిన్నట్టు లెక్క. దోమ పిల్లలు పెద్ద చేపలకు మంచి తిండే గానీ, వాటికోసం ఇంట్లో తొట్లు తెరిచి పెట్టి డెంగీని పిలుచుకోవద్దు.

రెండు రోజులకోసారి పదో వంతు నీళ్లు మార్చండి. సన్నటి ఎయిర్ గొట్టంతో తెల్ల బక్కెట్లోకి తోడితే పొరపాటున వచ్చిన పిల్లలు కనబడతాయి, తిరిగి వేయొచ్చు. పోసే నీళ్ల వేడి, టీడీఎస్ పాత నీళ్లతో సరిపోవాలి. నెల దాటాక తల్లిదండ్రులు మళ్లీ గుడ్లకు సిద్ధమై పిల్లల్ని తరమడం మొదలుపెడితే వేరే ట్యాంకుకు మార్చండి.

మిగతా చేపల తేడాలు

కాకటూల్లో కాపలా పని తల్లిది. గుడ్లు పెట్టాక ఒళ్లంతా పసుపురంగుకు తిరిగి, నల్ల గుర్తులు తేలి, తనకన్నా రెండింతలున్న మగచేపను మూలకు తోస్తుంది. చిన్న ట్యాంకులో దానికి దాక్కునే చోటు లేకపోతే చంపేస్తుంది కూడా. రెక్కలు చిరిగి పైమూలన నిలబడిందంటే మగచేపను ఆ రోజే వేరు చేయండి.

రామ్ గూట్లో పెట్టదు. చదునైన రాయి మీదో, ఆకు మీదో బహిరంగంగా పెడుతుంది. ఫారాల్లో తరతరాలుగా తల్లిదండ్రుల నుంచి గుడ్లు వేరుచేసి పెంచడం వల్లనో ఏమో, తినేసేవే ఎక్కువ. రెండు మూడుసార్లు చూసి, మారకపోతే గుడ్లున్న రాయిని అదే నీళ్లున్న చిన్న టబ్బులోకి మార్చండి. గాలి బుడగలు గుడ్ల పక్కనుంచి పోవాలి, మీద పడకూడదు. గుడ్లకు బూజు పట్టకుండా, నీళ్లు లేత నీలంగా మారేంత మిథిలీన్ బ్లూ మందు చాలు, తెల్లబడ్డ గుడ్లు తీసేస్తుండండి. దీని పిల్లలు మరీ చిన్నవి. మొదటి రెండు మూడు రోజులు వెనిగర్ ఈల్స్ (వెనిగర్‌లో పెరిగే సన్నటి పురుగులు) లాంటి ఇంకా సన్నటి తిండి ఉంటే ఎక్కువ మిగులుతాయి.

మల్టీఫాసియాటస్‌కు గుల్లలే ఇళ్లు. కేసీ కెనాల్ కింది వరిమళ్లలో దొరికే పెద్ద నత్తల ఖాళీ గుల్లలు సరిగ్గా సరిపోతాయి. మాంసం పూర్తిగా పోయేలా ఉడికించి, కడిగి, ఎండబెట్టి, నాలుగైదు సెంటీమీటర్ల ఇసుక మీద పరిచేయండి, చేపకు కనీసం రెండు చొప్పున. అవే తవ్వుకుని, గుల్లను పాతుకుని, మూతి మాత్రం బయట ఉంచుకుంటాయి. పిల్లలు గుల్లలోంచి తొంగిచూసేదాకా గుడ్లు పెట్టిన సంగతే మీకు తెలియదు. పెద్ద పిల్లలు, చిన్న పిల్లలు అన్నీ ఒకే కాలనీలో పెరుగుతాయి, వేరు చేసే పనే లేదు.

పిల్లలు ఎక్కువైతే రెండు, మూడు సెంటీమీటర్లు వచ్చాక షాపులో అడగండి. డబ్బు కన్నా తిండి ప్యాకెట్లు, ఆర్టీమియా డబ్బాలతో మార్పిడికి త్వరగా ఒప్పుకుంటారు. మీ నీళ్ల టీడీఎస్, పీహెచ్ ఒక చీటీ మీద రాసి కవరుకు అంటించి ఇస్తే కొన్నవాడికి పని తగ్గుతుంది. ఎవరూ తీసుకోకపోతే గూళ్లు కొన్నాళ్లు తీసేసి, మగా ఆడా వేరుగా ఉంచండి. పెన్నాలోనో, బుగ్గవంకలోనో, ఊరి చెరువులోనో మాత్రం వదలొద్దు. జిలేబీ చేపలాంటి బయటి చేపలతో మన చెరువులు ఇప్పటికే నిండి ఉన్నాయి.